దివాను సాలార్‌జంగ్, రైతు కట్టిన శిస్తు

సాలార్‌జంగ్ అనగానే మన పిల్లలు మ్యూజియం అంటారు. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం, మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం. హైదరాబాదు చూసి వచ్చిన కుటుంబమేదీ ఈ రెండింటి ముచ్చట చెప్పకుండా ఉండదు. ఆ సొత్తులో పెద్దభాగం కూడబెట్టినవారు మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. రెబెకా విగ్రహాన్ని మాత్రం ఆయన తాతగారైన మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్ళినప్పుడు రోము నగరంలో కొన్నారు. ఈ వారం మేము రాస్తున్నది ఆ తాతగారి గురించే. ఆయన కొన్న బొమ్మను లక్షలమంది చూశారు గానీ, ఆయన జీవితమంతా వెచ్చించిన పని ఎవరికీ కనిపించదు. అది శిస్తు లెక్క. రైతు చేతిలోంచి వెళ్ళిన రూపాయి సర్కారు ఖజానా చేరేలోపు ఎన్ని చేతులు మారుతుంది, చేరాక ఎక్కడ ఖర్చవుతుంది అన్న లెక్క.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు మన పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. ఈ ఊళ్ళన్నీ ఆయన దివానుగా ఏలిన రాజ్యంలోనివే. తహసీల్ కచేరీ, పట్టా, పహాణీ, జమాబందీ, తరి, ఖుష్కీ, మాల్ పటేల్ వంటి మాటలు ఇక్కడి తెలుగు రైతు నోట అంత సహజంగా పలుకుతున్నాయంటే దాని వెనుక ఆ పాలనా కాలపు కచేరీలు ఉన్నాయి. ఉర్దూ ముక్క రాని ముసలి రైతు కూడా తన చెలక ఖుష్కీ అనీ, చెరువు కింది మడి తరి అనీ తడుముకోకుండా చెబుతాడు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో జన్మించారు. ముత్తాత మీర్ ఆలం, తాత మునీరుల్ ముల్క్, తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ ముగ్గురూ నిజాముల వద్ద దివానులుగా పనిచేసినవారే. తండ్రి చిన్నతనంలోనే పోయారు. పెంపకం పెదనాన్నలు, నాయనమ్మల ఇంటి వ్యవహారం అయింది. పెద్దింటి పిల్లలకు ఆ రోజుల్లో అరబీ, ఫార్సీ, గుర్రపు స్వారీ నేర్పితే చదువు అయిపోయినట్లే. ఈయనకు అదృష్టవశాత్తు మరొక బడి దొరికింది. ఇరవై ఏళ్ళు నిండకముందే ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పంపారు. అంతకుముందు అక్కడ డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి వసూళ్ళు చూసేవాడు. ఆయన తర్వాత తురాబ్ అలీ ఖాన్ ఎనిమిది నెలలపాటు ఆ పని చేశారు. ఖమ్మం అంటే మన కోదాడకు పక్క సీమే. చెరువు కింద వరి, చెలకలో జొన్న, ఆముదం. దేవిడీ గోడల మధ్య పెరిగిన కుర్రవాడు శిస్తు ఎలా పుడుతుందో, ఎలా మాయమవుతుందో ఇక్కడి కల్లాల దగ్గర చూశాడు. మా లెక్కలో ఆయన అసలు ఉస్తాదు ఆ ఎనిమిది నెలలే.

అప్పటి రాజ్యం పరిస్థితి చెప్పకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు. పేష్కారు చందూలాల్ 1843 వరకు మూడు దశాబ్దాలకు పైగా ఖజానా వ్యవహారం నడిపారు. దానధర్మాల్లో పెద్ద చెయ్యి, కవులకు ఆశ్రయం ఇచ్చిన మనిషి. కానీ రాబడి కంటే ఖర్చు ఎప్పుడూ ఎక్కువే. ఆ లోటు పూడ్చడానికి రెండు దారులు పట్టారు. ఒకటి అప్పు, రెండోది ఇజారా. అప్పు పామర్ కంపెనీ అనే ఇంగ్లీషు కోఠీ దగ్గర, ఆ తర్వాత సాహుకార్ల దగ్గర, చివరికి జీతాలు అందని అరబ్బు జమేదార్ల దగ్గర. పామర్ కంపెనీ బాకీ తీర్చడానికి 1823లో ఒక పెద్ద ఆస్తినే వదులుకోవలసి వచ్చింది. ఉత్తర సర్కారు జిల్లాల కోసం ఇంగ్లీషువారు నిజాముకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ కట్టేవారు. సుమారు 1 కోటి 16 లక్షలు ఒక్కసారి తీసుకుని ఆ ఏటేటా వచ్చే రాబడిని శాశ్వతంగా వదిలేశారు. కొంప నడవడానికి బావి అమ్ముకున్నట్లయింది.

ఇజారా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ జీవితకథకు అదే కీలకం. ఒక తాలూకా శిస్తు వసూలు చేసుకునే హక్కును సర్కారు వేలం వేసినట్లుగా ఎక్కువ ఇస్తానన్న వాడికి కట్టబెడుతుంది. అతడు ముందుగా నజరానా చెల్లిస్తాడు. ఆ డబ్బు సాహుకారు దగ్గర వడ్డీకి తెచ్చి ఉంటాడు. అతడు మళ్ళీ ఆ తాలూకాను ముక్కలు చేసి కింది గుత్తేదార్లకు ఇస్తాడు. వాళ్ళు ఊరి పెద్దలతో బేరం పెట్టుకుంటారు. ఏడాది మధ్యలో మరొకడు ఇంకొంచెం ఎక్కువ నజరానా తెచ్చి దివాను ముందు పెడితే మొదటివాడి ఇజారా రద్దయ్యేది. కనుక ఏ ఇజారాదారుకూ వచ్చే ఏటి మీద నమ్మకం లేదు. చెరువు కట్ట తెగిందా, పూడిక పడిందా అతడికి అక్కర లేదు. ఈ ఏడు పిండుకోవాలి, అంతే. రైతుకు కూడా అదే పాఠం అబ్బింది. బాగా పండిస్తే పై ఏడు అడిగేది పెరుగుతుంది. అందుకని కొందరు పొలాలు బీడు పెట్టి పక్క సీమకు వెళ్ళిపోయేవారు. పన్ను రేటు కాగితం మీద మారకుండానే దేశం బీదపడింది.

మా మదర్సా చదువులో ఫిక్హ్ పుస్తకాల పక్కన కాజీ అబూ యూసుఫ్ గారి పేరు తరచుగా వచ్చేది. హారూన్ రషీద్ ఖలీఫాకు ప్రధాన కాజీగా ఉండి, ఖరాజ్ మీద ఒక గ్రంథమే రాసిచ్చిన పెద్ద ఆలిమ్ ఆయన. 798లో గతించారు. వసూలు హక్కును గుత్తకు ఇవ్వడాన్ని ఆ గ్రంథంలో ఆయన గట్టిగా తప్పుబట్టారు. గుత్తేదారు తాను కట్టినదానికి పైన మిగుల్చుకోవడానికి ప్రజలను బాధిస్తాడనీ, భూమి పాడవుతుందనీ ఆయన వాదన. బగ్దాదులో వెయ్యేళ్ళ కిందట తెలిసిన సంగతి హైదరాబాదు దర్బారులో ఎవరికీ తెలియదని మేమనుకోము. అప్పులపాలైన సర్కారుకు ముందు చేతికొచ్చే నజరానాయే ముద్దుగా కనిపిస్తుంది. 1820లలో రెసిడెంటు మెట్‌కాఫ్ జిల్లాలకు ఇంగ్లీషు ఉద్యోగులను పంపి రైతులతో ఒప్పందాలు చేయించాడు. నాసిరుద్దౌలా 1829లో గద్దెనెక్కగానే వాళ్ళు వెనక్కి వెళ్ళారు, ఇజారాలు మళ్ళీ వచ్చాయి.

ఈ అప్పుల కథకు పరాకాష్ట 1853 మే 21. నిజాము ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల చేతికింద నడిచే కాంటింజెంటు అనే సైన్యం ఒకటి ఉండేది. దానికి ఏటా సుమారు 40 లక్షలు పోయేవి. ఆ జీతాలు బాకీ పడ్డాయని గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడి తెచ్చి, బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలను రాయించుకున్నాడు. ఏటా 50 లక్షలు వచ్చే భూమి అది. ఆ సంధి కుదిర్చిన దివాను సిరాజుల్ ముల్క్ కొద్ది రోజులకే చనిపోయారు. మే 31న ఆ కుర్చీలో తురాబ్ అలీ ఖాన్‌ను కూర్చోబెట్టారు. అప్పటికి వయసు 24. ఖజానా ఖాళీ, పత్తి పండే సీమ చేజారింది, తాలూకాలు సాహుకార్ల దగ్గరా అరబ్బుల దగ్గరా తాకట్టులో ఉన్నాయి.

కొత్త దివాను పన్ను పెంచలేదు. ఇది గమనించదగ్గ విషయం. ముందు తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించడం మొదలుపెట్టారు. ఇజారాదార్లను తొలగించి సర్కారు తరఫున తాలూక్‌దార్లను పెట్టారు. హైదరాబాదులో ఒక ఖజానా ఏర్పరచి వసూలైన సొమ్ము అక్కడికే రావాలన్నారు. జిల్లాల్లో ఎవరికి వారు ముద్రించుకునే టంకసాలలను మూయించి, ఒకే తూకం ఒకే విలువ గల హాలీ సిక్కాను చెలామణిలోకి తెచ్చారు. ఊరు మారితే నాణెం వెల మారే రోజుల్లో శిస్తు కట్టే రైతు బట్టాలోనే ఎంతో నష్టపోయేవాడు. ఆ నష్టం ఏ శిస్తు చిట్టాలోనూ కనిపించదు. అరబ్బు జమేదార్లతో తగువు పెట్టుకోకుండా, లెక్క చూసి, నెలనెలా జీతం ఇస్తూ, వాళ్ళ చేతిలోని భూములు వెనక్కి తీసుకున్నారు. సాహుకార్లకు వాయిదా తప్పకుండా చెల్లించసాగారు. ఎవరూ అప్పివ్వని సర్కారుకు కొన్నేళ్ళలో తక్కువ వడ్డీకే అప్పు పుట్టింది.

వ్యాపారులకు మేలు చేసిన మరొక పని రహదారీ సుంకాల రద్దు. మచిలీబందరు నుంచి ఉప్పు వేసుకుని లంబాడీల ఎద్దుల మందలు మన సీమ మీదుగా హైదరాబాదు వెళ్ళేవి. సర్కారు నాకా ఒకటి, జాగీర్దారు నాకా ఒకటి, దారి పొడవునా సుంకమే. పది చోట్ల కట్టిన సుంకం చివరికి ఉప్పు కొన్న పేదవాడి మీదే పడుతుంది. దివాను లోపలి సుంకాలను తీసేసి, రాజ్యం పొలిమేరల్లో నూటికి 5 చొప్పున ఒకేచోట వసూలు చేసే పద్ధతి పెట్టారు. ఆ శాఖనే మన పెద్దలు కరోడ్‌గిరీ అనేవారు.

ఈ పనులేవీ ప్రశాంతంగా జరగలేదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడికి వెళ్ళారు. దివాను ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు, మౌల్వీగారు అండమాను పాలయ్యారు. మన ఇళ్ళలో ఈ విషయం మీద నేటికీ రెండు అభిప్రాయాలున్నాయి. దివాను నిర్ణయం వెనుక లెక్క ఏమైనా, ఆ ఇద్దరి త్యాగాన్ని తక్కువ చేయడానికి మేము సిద్ధంగా లేము. దివాను మీద కూడా 1859లో జహంగీర్ ఖాన్ అనేవాడు దర్బారు బయట దాడి చేశాడు, 1868లో మరొకడు తుపాకి పేల్చాడు. రెండోవాడికి మరణశిక్ష పడితే తగ్గించమని దివాను స్వయంగా కోరారట, నిజాము వినలేదు. ఇంట్లో మాత్రం ఏమంత సుఖం? నిజాము అఫ్జలుద్దౌలాకు ఈయన మీద అనుమానం. అనుమతి లేకుండా నగరం దాటడానికి వీల్లేదు. రాజ్యమంతటి శిస్తు దిద్దుతున్న మనిషి ఆ రాజ్యాన్ని తిరిగి చూడలేకపోయాడు.

ఇంగ్లీషువారికి సాయం చేసినందుకు 1860లో ప్రతిఫలం దక్కింది. 50 లక్షల బాకీ కొట్టేశారు. రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. బేరారు మాత్రం తమ దగ్గరే ఉంచుకుని, దాని జమాఖర్చులు అడగకూడదని షరతు పెట్టారు. ఖర్చులు పోను మిగిలింది ఇస్తామన్నారు. సరిగ్గా ఆ తర్వాతే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, 1861 నుంచి 1865 దాకా అక్కడి పత్తి ఆగిపోయి, బేరారు పత్తికి బంగారు ధర పలికింది. రాబడి పెరిగింది. దాంతోపాటు అక్కడి పాలన ఖర్చూ పెరిగింది. నిజాముకు అందిన మిగులు అంతంత మాత్రమే. లెక్క అడిగే హక్కు లేనివాడికి మిగులు ఎంత ఉన్నా ఒకటే. ఈ సంగతి దివానుకు ఎంత బాధ కలిగించిందో ఆయన తర్వాతి జీవితం చూస్తే తెలుస్తుంది. డబ్బు ముందుగా జమ చేస్తాం, సీమ ఇచ్చేయండని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. 1876లో లండను దాకా వెళ్ళారు. దారిలో పారిస్‌లో మెట్ల మీద జారిపడి తొడకు దెబ్బ తగిలినా ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. సన్మానాలన్నీ జరిగాయి, బేరారు మాత్రం రాలేదు. ఆయన పోయిన 19 ఏళ్ళకు, 1902లో, కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు.

ఇక జిల్లాబందీ. 1864లో మజ్లిసె మాల్‌గుజారీ అనే రెవెన్యూ మండలిని ఏర్పరచి, మరుసటి ఏడు, అంటే 1865లో, దివానీ సీమను 14 జిల్లాలుగా విభజించారు. జిల్లాకు ఒక అవ్వల్ తాలూక్‌దారు, ఆయన కింద దువ్వం, సువ్వం తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దారు. అందరికీ నెల జీతం. అంతకుముందు వసూలు చేసినదాంట్లో వాటా తీసుకున్న చెయ్యి ఇప్పుడు జీతం తీసుకుంటుంది. ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో ఆలోచించండి. వాటా తినేవాడికి ఎక్కువ పిండితే లాభం. జీతగాడికి లెక్క సరిపోతే చాలు. లంచం లేదని మేమనడం లేదు, ఉంది. కానీ ఇప్పుడు దానిని లంచమని పిలవగలిగారు. ఇజారాదారు రోజుల్లో అదే అతడి హక్కు. 1868లో మాల్, న్యాయం, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సద్రుల్ మహాములను నియమించారు. 1867లో ఇక్కడ రెసిడెంటుగా ఉన్న రిచర్డ్ టెంపుల్, స్వయంగా రెవెన్యూ పనిలో తలపండినవాడు, ఈ దివాను పనితనాన్ని బాగా మెచ్చుకున్నాడు.

మన తెలంగాణ రైతుకు తగిలిన మార్పు బటాయి తీసేయడం. అంతవరకు చెరువు కింద పండిన వడ్లలో సర్కారు వాటా ధాన్యంగానే కొలిచి ఇవ్వాలి. కొలిచే ఉద్యోగి వచ్చేదాకా కుప్ప కల్లంలోనే ఉండాలి. వాన తడిపినా, పిట్టలు తిన్నా రైతుదే పూచీ. కొలిచేవాడి చెయ్యి తడిపితేనే కొలత సరిగ్గా పడేది. దివాను దీన్ని మాన్పించి, గత ఏళ్ళ సగటు చూసి నగదు శిస్తు కట్టే పద్ధతి పెట్టించారు. పేరు పేరునా పట్టా, కట్టినదానికి రసీదు. 1870లలో బొంబాయి పద్ధతిలో సర్వే కూడా మొదలైంది. మరాఠ్వాడా జిల్లాల్లో ముందు, తెలంగాణకు ఆలస్యంగా వచ్చింది.

అయితే ఇక్కడ మళ్ళీ అబూ యూసుఫ్ గారే గుర్తుకొస్తారు. ఆయన స్థిరమైన రేటు కంటే పంటలో వాటానే మేలన్నారు. కారణం సులువు. పంట సగమైతే వాటా సగమవుతుంది. నగదు శిస్తు అలా తగ్గదు. పంట పోయినా కిస్తీ తేదీ వస్తుంది. ధర పడిపోయినా అంతే రూపాయలు కట్టాలి. కోతలు కాగానే అందరూ ఒకేసారి అమ్ముకుంటారు కనుక ధర పడుతుంది కూడా. అప్పుడు రైతు సాహుకారు అరుగు ఎక్కుతాడు. కొలతగాడి పీడ పోయింది, వడ్డీ పీడ వచ్చింది. రెంటిలో ఏది మేలని అడిగితే, కరువు లేని ఏట దివాను పద్ధతి, కరువు ఏట కాజీగారి పద్ధతి అంటాము. మన నల్లగొండ సీమలో కరువు లేని ఏడు ఎన్నిసార్లు వస్తుందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

మరొక లోపం దీనికంటే లోతైనది. శిస్తు వసూళ్ళను తరతరాలుగా చూస్తున్న దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాల చేతిలోంచి ఆ పనిని తీసి తహసీల్దార్లకు ఇచ్చినప్పుడు, వాళ్ళకు పరిహారంగా రుసుం అనే ఏటేటా భత్యం ఏర్పరచారు. ఆనాటికి అది న్యాయంగా, తెలివిగా కనిపించింది. తగువు లేకుండా మార్పు జరిగింది. కానీ వాళ్ళ పలుకుబడి ఊళ్ళోనే ఉండిపోయింది. తర్వాత సర్వేలు, పట్టాలు వచ్చినప్పుడు కాగితం చదవగలిగినవాడిదే భూమి అయింది. దున్నుతున్నవాడి పేరు కాక దొరపేరు పట్టాకెక్కిన చేలెన్నో. 1940ల నాటికి సూర్యాపేట తాలూకాలోని ఒక్క దేశ్‌ముఖు కుటుంబం చేతిలో లక్షన్నర ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య గారు లెక్క రాశారు. వెట్టి, భగేలా ఆ భూముల మీదనే బలిశాయి. 1946 నుంచి 1951 దాకా ఇదే జిల్లాలో రైతులు ప్రాణాలొడ్డి పోరాడవలసి వచ్చింది. ఆ పోరులో షోయబుల్లా ఖాన్ వంటి పత్రికా రచయిత 1948లో రజాకార్ల చేతిలో ప్రాణమిచ్చిన సంగతీ మనవాళ్ళు మరువరాదు. దీనికంతటికీ మొదటి సాలార్‌జంగే కారణమనడం అన్యాయం. ఇజారాదారును బయటి తలుపు నుంచి పంపినప్పుడు దేశ్‌ముఖు పెరటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడన్నది మాత్రం నిజం.

జాగీర్ల జోలికీ ఆయన పోలేదు. రాజ్యంలో దివానీ సీమ సుమారు నూటికి 60 వంతులు. మిగిలినదంతా జాగీర్లు, పాయిగాలు, నిజాము సొంత సర్ఫెఖాస్. ఆ భూముల్లో జిల్లాబందీ లేదు, పాత పద్ధతే. ఆయన స్వయంగా గొప్ప జాగీర్దారు. నవాబుల మధ్య నిలబడి నవాబుల భూమి ముట్టుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదేమో. అవి 1949లో గానీ పోలేదు. ఆబ్కారీ ఇంకొక ముచ్చట. భూమి శిస్తులో ఇజారా తప్పన్న సర్కారు, కల్లు సారాల వసూళ్ళను మాత్రం గుత్తేదార్లకే వేలం వేస్తూ వచ్చింది. తేలిగ్గా వచ్చే రాబడిని ఏ సర్కారు వదులుకుంది కనుక?

చేరిన డబ్బు ఎక్కడ ఖర్చయింది? మొదట అప్పులకు, సైన్యం జీతాలకు, మన్సబ్‌లకు. మిగిలినదాంట్లో కొత్త పోలీసుకు, అదాలతులకు, రోడ్లకు. 1850లలోనే దారుల్ ఉలూమ్ మదర్సా తెరిచారు. మదర్సాలో చదువుకున్న మాకు ఆ పేరంటే సహజంగానే గౌరవం. అక్కడ అరబీ ఫార్సీలతోపాటు ఇంగ్లీషూ, దేశభాషలూ నేర్పించారన్నది నేటి మదర్సాల కమిటీలు ఒకసారి తలచుకోవాలి. పెద్ద ఖర్చు రైలు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాము సర్కారు సొమ్ముతో వేసిన దారి 1874 అక్టోబరులో తెరుచుకుంది. రెండేళ్ళకే, 1876లో, దక్కనులో భయంకరమైన కరువు వచ్చి 1878 దాకా పీడించింది. లండను నుంచి తిరిగొచ్చిన దివాను ఎదుట ఆ కరువే నిలిచింది. శిస్తు ఆపి, చెరువు పనులు, రోడ్డు పనులు పెట్టించి కూలి ఇప్పించవలసి వచ్చింది. ధాన్యం వచ్చేందుకు కనీసం ఒక రైలు దారి ఉంది.

కానీ వెచ్చించిన రూపాయిలో ఎక్కువ పాలు నగరానికి, పడమటి జిల్లాలకు పోయింది. కృష్ణ ఒడ్డునే ఉన్న మన సీమకు కృష్ణ నీళ్ళు రాలేదు. ఆ ఖర్చు పెట్టడానికి మరో తరం, మరో సర్కారు రావలసి వచ్చింది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు పునాది వేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పండి, వరి వెంట రైసు మిల్లులు వచ్చి, మిర్యాలగూడ బజారు ఇప్పుడున్న రూపానికి వచ్చింది. మిల్లుల్లో హమాలీలుగా, లారీ డ్రైవర్లుగా, మెకానిక్కులుగా బతుకుతున్న మన కుటుంబాలు ఎన్నో. శిస్తు వసూలును ఎంత బాగా దిద్దినా, ఒక ప్రాంతం మారాలంటే వసూలైనది అక్కడికి తిరిగి రావాలన్న దానికి మన ఊరే సాక్ష్యం.

అఫ్జలుద్దౌలా 1869లో కన్నుమూసేనాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్ళు నిండని పసివాడు. అప్పటినుంచి రాజ్యభారం సాలార్‌జంగ్‌ది, అమీరె కబీరుది. 1870లలో ఉత్తరాది నుంచి చదువుకున్న ఉద్యోగులను రప్పించారు. మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ, సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ అలా వచ్చినవారే. వాళ్ళు సమర్థులు. స్థానికులకు దక్కవలసిన కొలువులు పోయాయన్న గుసగుస కూడా అప్పుడే మొదలైంది. ములకీ, గైర్‌ములకీ తగాదా మన తరం దాకా నడిచిన కథ, దాని వివరం మరోసారి చెబుతాము.

1883 ఫిబ్రవరి మొదటి వారంలో జర్మనీ రాకుమారుడొకరు హైదరాబాదు వచ్చారు. ముత్తాత కట్టించిన మీర్ ఆలం చెరువు మీద దివాను ఆయనకు విందు చేశారు. ఆ వెంటనే కలరా సోకింది. ఫిబ్రవరి 8న, 54 ఏళ్ళ వయసులో, దివాను అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ముప్పై ఏళ్ళ దివానుగిరీలో ముగ్గురు నిజాములకు కొలువు చేసిన మనిషిని పాతనగరంలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. సమాధి అక్కడే ఉంది.

ఆయన పోయిన ఏడాదే రైలు దారిని చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించే ఒప్పందం ముందుకొచ్చింది. లండను కంపెనీకి 20 ఏళ్ళపాటు నూటికి 5 వంతుల లాభానికి నిజాము సర్కారు హామీ పడాలి. లాభం రాకపోతే ఖజానా కట్టాలి. ఈ షరతులు బయటపెట్టండని నగరంలో చదువుకున్నవాళ్ళు, హిందువులూ ముస్లిములూ కలిసి, కమిటీ వేసుకుని అడిగారు. వారిలో ఒకరైన అఘోరనాథ చటోపాధ్యాయ గారిని, సరోజినీ నాయుడు తండ్రిగారిని, రాజ్యం నుంచి పంపించేశారు. ఖజానా ఖర్చు గురించి హైదరాబాదులో ప్రజలు బహిరంగంగా లెక్క అడిగిన మొదటి సందర్భం అదే. దారి వరంగల్లు, ఖమ్మం మీదుగా 1889లో బెజవాడ చేరింది. సూర్యాపేట మీదుగా ఉప్పు మోసిన లంబాడీల ఎద్దులకు పని పోయింది, మిర్యాలగూడ మాత్రం రైలు కూత వినడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు ఆగింది.